ఫ్యామిలీ సైకిల్‌కి 21 గేర్లు ఎందుకు బాసూ?

ఫోన్ కొన్నట్టే సైకిల్ కూడా స్పెక్స్ చూసి కొనేస్తున్నాం. 21 గేర్లు, ఫ్రంట్ సస్పెన్షన్, లావు టైర్లు! ఆదివారం పొద్దున్నే ఇంట్లోవాళ్లతో మెల్లగా తిరగడానికి ఇవేవీ అక్కర్లేదు. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ లాంటి నున్నటి దారిలో చవక సస్పెన్షన్ వల్ల బరువు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు.

నా ఓటు సింగిల్ స్పీడ్‌కే. దారిలో ఎత్తులుంటే 7 గేర్లు చాలు. నిటారుగా కూర్చునే హ్యాండిల్, చైన్ కవర్, మడ్‌గార్డ్ ఉన్నాయా చూడండి. పైన అడ్డ రాడ్ లేని ఫ్రేమ్ తీసుకుంటే అమ్మ కూడా ఈజీగా ఎక్కుతుంది. సీటు మీద కూర్చున్నప్పుడు మునివేళ్లు నేలకు తగలాలి. మీరొక్కరే తొక్కగలిగే సైకిల్ అయితే, నెల తిరిగేసరికి బాల్కనీలో బట్టలారేసే స్టాండ్ అయిపోతుంది. అందుకే షాపుకి అమ్మని కూడా తీసుకెళ్లండి. ఆవిడ ఓ రౌండ్ తొక్కి చూశాకే డబ్బులు కట్టండి.