మా వాకిట్లో ఏడు తరాలు



విదేశీ సాహిత్య అనువాదాల పఠన సభల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అలాంటి సాయంత్రాలు హైదరాబాదుకే తగునని, చిన్న ఊళ్లలో వినేవాళ్లు ఉండరని రాయడం నాకు మింగుడుపడలేదు.

ఇలాగే ఒకప్పుడు తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయనది మా గద్వాల ప్రాంతమే. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చింది వినేవాళ్లు లేకనా?

పోయినేడు నాగర్‌కర్నూల్‌లో మా వాకిట్లో ‘ఏడు తరాలు’ పైకి చదివాను. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు అది. ముగ్గురితో మొదలైతే నాలుగో రోజుకు అరుగు నిండింది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎక్కడెక్కడి డ్యాముల మీదో మట్టి మోసిన పెద్దమ్మ ఒకామె, ఆ నవలలోని కుర్రాడు కుంటా కింటేను గొలుసులేసి ఓడలో తీసుకుపోయే చోట నా చెయ్యి పట్టుకుంది. “జర ఆగు బిడ్డా, ఆ పిలగాని తల్లికి ఎవరన్నా చెప్పిన్రా?” అని అడిగింది. ఆ రాత్రి ఇంకో పేజీ తిప్పలేకపోయాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. మూడింటా గ్రంథాలయాలున్నాయి. సెప్టెంబరు 30 అంతర్జాతీయ అనువాద దినం. ఆ సాయంత్రం అక్కడ పఠన సభ పెట్టడానికి ఒక మైకు, నాలుగు చాపలు చాలు. నోటికి తిరిగే తెలుగున్న అనువాదాలే ఎంచాలి, చదివేవాళ్లు ముందే సాధన చెయ్యాలి. మీ వ్యాసకర్త గారు వస్తానంటే మా అరుగు మీద చోటుంచుతాం.

— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్