బండి మనదైతే చాలదు, ఆర్సీలో పేరూ మనదవ్వాలి



మన గూడేల్లోకి ఇప్పుడు కార్లు వస్తున్నాయి. ఉద్యోగం వచ్చిన అన్నలు కొత్తవి కొంటున్నారు, మిగతావాళ్లు పత్తి డబ్బులతో సెకండ్ హ్యాండ్‌వి తెస్తున్నారు. సంతోషమే. కొబ్బరికాయ కొడుతున్నాం, నిమ్మకాయలు తొక్కిస్తున్నాం, స్టేటస్ పెడుతున్నాం. కాగితాల దగ్గరికొచ్చేసరికి మాత్రం "తర్వాత చూద్దాంలే, మన ఊళ్లో ఎవరు ఆపుతారు" అంటున్నాం. ఈ మాట మానుకోవాలని నా అభిప్రాయం. కాగితాలు పోలీసుల కోసం కాదు, మన కోసం.

ముందు కొత్త బండి సంగతి. 2011లో ఒకాయన కొత్త బొలెరో కొన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది. కానీ తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అయిపోయినా పర్మనెంట్ చేయించలేదు. కొద్ది రోజులకే జోధ్‌పూర్‌లో బండి దొంగతనం అయింది. క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ప్రీమియం కట్టి కూడా రూపాయి రాలేదు. ఇంకోటి, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లకి ఒకేసారి తీసుకోవాలి. అది మన బండి గుద్దడం వల్ల నష్టపోయినవాళ్ల కోసం. మన బండి డ్యామేజీకి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఏడాదికే అయిపోతుంది. తేదీ చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ బండైతే ఇంకా జాగ్రత్త. కొన్నాక 30 రోజుల్లో పేరు మార్పుకి పెట్టుకోవాలి, ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు ముందే తీసుకోవాలి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35, ఎన్ఓసీ కూడా. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో తెలపాలి. అమ్మినవాళ్లూ నిశ్చింతగా ఉండొద్దు. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని, పరిహారం బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి ఫైన్ 2,000. అదెలాగో కట్టేస్తాం. మనిషి చనిపోతే లక్షల్లో పరిహారం. ఎన్ని ఎడ్లు అమ్మితే అంత డబ్బు వస్తుంది?

ఓనరే నడుపుతూ చనిపోతే ఇంటివాళ్లకి 15 లక్షలు వచ్చే కవర్ కూడా ఉంది. అది ఆర్సీలో పేరున్న మనిషికి, లైసెన్స్ ఉంటేనే. పేరు వేరేవాళ్లదైతే మనవాళ్ల చేతికి ఏమీ రాదు.

అలాగని "మనవాళ్లకి తెలివి లేదు" అంటే నేను ఒప్పుకోను. ఆర్టీఏ ఆఫీసుకి పోవాలంటే మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోవాలి. అక్కడికెళ్తే ఏజెంట్ చెప్పిందే రేటు. అందుకే సంత రోజున మండల కేంద్రంలోనే క్యాంపు పెట్టమని రవాణా శాఖని, ఐటీడీఏని మనం అడగాలి. ఒకరు కాదు, ఊరూరా సంతకాలు పెట్టించి అడగాలి.

అది వచ్చేదాకా పని మనదే. మా ఇంట్లో ఆర్సీ చదవగలిగేది నేనొక్కదాన్నే, మీలో చాలామంది ఇళ్లల్లోనూ అంతే కదా. ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు ప్రతి బండి దగ్గర రెండే చూడండి: ఆర్సీలో పేరు ఎవరిది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఇన్సూరెన్స్ తేదీ కనిపిస్తుంది. మీ ఊళ్లో ఎన్ని బండ్లకి పేరు మారలేదో కింద రాయండి, అర్జీలో ఆ లెక్కే పెడదాం.