రిసార్టు ప్యాకేజీలో ‘అన్నీ’ అంటే ఏవేవి?



ఈ ఏడు కూడా మన వార్షిక కలయిక ఈసీఆర్ మీది ఆ బీచ్ రిసార్టులోనే అని కమిటీవారు గ్రూపులో పెట్టినారు. మనిషికి 4,500, పన్నులు అదనం. అడ్వాన్సు 25,000 కట్టేసినారట. ఈ నెల 15 లోపు రద్దు చేసుకుంటే మొత్తం తిరిగి ఇస్తామని రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాము. మేము అంటే పెరంబూరు, అయనావరం వైపు ఉండే పింఛనుదారులం, ఎనిమిది మందిమి. సాయంత్రం పార్కులో కూర్చుని మాట్లాడుకున్నది ఇది. రాసే పని రైల్వే గుమాస్తా చెయ్యి అని ఈ చేతికి ఇచ్చినారు. అరవ బడిలో చదివిన చెయ్యి, తప్పులుంటే సర్దుకోండి.

రిసార్టు పేరు రాయము. వాళ్ళ మీద మాకు కోపం లేదు. ఒప్పుకున్నది చేసినారు, ఒప్పుకోనిది చేయలేదు. మా తగవంతా మనతోనే.

మంచి ముందు చెప్పాలి. గదులు శుభ్రం. బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ విలువ తెలుసు. చక్రాల కుర్చీ పోవడానికి వాలుదారి ఉంది. పిల్లలు ఈతకొలను వదిలి రాలేదు. ఉప్పు ఎక్కువైందని, సాంబారు చాలలేదని ఎవరూ ఎవరితో పోట్లాడలేదు. కోశాధికారికి ఒక్కటే బిల్లు, చిల్లర లెక్కల తలనొప్పి లేదు. ఇవన్నీ నిజం.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడండి. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్ మజోర్కా దీవిలో, అల్కూడియా సముద్రం ఒడ్డున గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టినాడు. ఒకసారి డబ్బు కడితే తిండి, పడక, ఆటలు అందులోనే. ఊరంతా మరిచి సముద్రం ఒడ్డున కొన్నాళ్ళు గడపాలనుకునే వాళ్ళకి అది మంచి ఏర్పాటు. అక్కడికి వచ్చేవాళ్ళకి వారం పది రోజులు ఉంటాయి. మనకి ఉన్నది ఎంత? మధ్యాహ్నం 2 గంటలకి గది ఇస్తారు, మరునాడు 11కి ఖాళీ చేయాలి. కమిటీ దీన్ని ‘రెండు రోజుల ప్యాకేజీ’ అని రాసింది. ఇరవై ఒక్క గంట. రైల్వేలో ఇలా లెక్క రాస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?

ఆ ఇరవై ఒక్క గంటల్లో మొదటి భోజనం సంగతి అందరికీ గుర్తుంది. బస్సు ముట్టుకాడు దాటేసరికే 2.20 అయింది. భోజనశాల 3 గంటలకి మూస్తారు. సామాను దించి, గది తాళాలకి వరసలో నిలబడి, ముసలివాళ్ళని నడిపించి తీసుకుపోయేసరికి పెరుగన్నం, అప్పళం మిగిలినాయి. రైలు ఆలస్యమైతే కనీసం మైకులో ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అంటారు. ఇక్కడ అదీ లేదు. ప్యాకేజీలో భోజనం ‘ఉంది’, మనం తినలేదు, అంతే.

ఎన్ని తిన్నా ఒకటే ధర అంటే లాభం ఎవరికో కాగితం మీద వేసి చూసినాము. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఎనిమిది పూరీలు, మూడు ఆమ్లెట్లు తింటాడు. మాలో చక్కెర జబ్బున్నవాళ్ళు రెండు ఇడ్లీలు, చక్కెర లేని కాఫీ. ఇద్దరికీ 4,200, పోయినేడు ధర. అంటే కుర్రవాళ్ళ పూరీలకి ముసలివాళ్ళు డబ్బు కట్టినారు. కుర్రవాళ్ళు మన పిల్లలే, ఆ బాధ లేదు. కానీ ‘పెద్దవాళ్ళకి సౌకర్యం’ అని చెప్పి మాట ఒప్పించినారే, అది మాత్రం అనకండి.

ఇక ‘అన్నీ’లో లేనివి. గదికి రెండు నీళ్ళ సీసాలు, మూడోది బిల్లులో. ఈతకొలనులో దిగాలంటే నైలాను బట్టలే, చీరతో, పంచెతో వద్దన్నారు. అద్దెకి తీసుకుంటే మనిషికి 150. ఒంటరిగా వచ్చినవాళ్ళకి గది కోసం ఇంకో 1,500. మన సభకి హాలు రెండు గంటలకి 8,000, మైకుతో. మనవళ్ళు తాగిన నిమ్మరసం బిల్లులో పది శాతం సర్వీసు చార్జీ వేసినారు. సర్వీసు చార్జీ తనంతట తానుగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అది సరే అన్నది. ఈ మాట కౌంటరులో మెల్లగా చెప్పినాము. మారు మాట్లాడకుండా తీసేసినారు. అడగనివాళ్ళు కట్టి వచ్చినారు. ‘పన్నులు అదనం’ అన్నదీ అలాంటిదే. గది అద్దె రోజుకి 7,500 లోపైతే జీఎస్టీ ఇప్పుడు 5 శాతం, దాటితే 18. మనకి ఏది వేస్తారో రాతలో అడిగినారా? అడిగుంటే గ్రూపులో పెట్టండి, చదువుతాము.

సముద్రం గురించి రెండు మాటలు. వెనక గేటు తీసి పంపినారు, మోకాళ్ళ లోతు దాటితే విజిల్ వేసినారు. మంచిదే, ఆ తీరంలో అల లోపలికి లాగే రకం, ఆ విజిల్‌కి దండం పెట్టాలి. సాయంత్రం 6కి గేటు మూసినారు. ఆ ఇసుక రిసార్టుది కాదు. మామల్లపురంలో తీరం గుడి పక్కన అదే సముద్రం చూడడానికి గేటూ లేదు, ప్యాకేజీ లేదు.

ఇంతవరకు చెప్పింది చిల్లర. అసలు సంగతి వేరే.

అంతకు ముందేడు మండపంలో కలిసినప్పుడు 140 మంది వచ్చినారు. రిసార్టుకి 62. మిగతా 78 మంది ఎక్కడ పోయినారు? అడిగితే ఒకరికి మోకాలు నొప్పి, ఒకరింట్లో చుట్టాలు, ఒకరికి కోడలి పరీక్షలు. డబ్బు లేదని ఒక్కరూ చెప్పలేదు. చెప్పరు. మన వాళ్ళ గుణం మనకి తెలియదా? భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అంటే పిల్లలకి సగం ధర వేసినా 12,600. బస్సుకి మనిషికి 400 కలిపితే 14,200. ఒక్కతే వచ్చే పెద్దావిడకి 4,200, ఒంటరి గదికి 1,500, బస్సుకి 400, మొత్తం 6,100. మనలో కుటుంబ పింఛను మీద బతికే అక్కయ్యలు ఎంతమంది ఉన్నారో కమిటీకి తెలుసు, జాబితా వాళ్ళ దగ్గరే ఉంది. కేంద్ర ప్రభుత్వపు కనీస పింఛను 9,000, దాని మీద కరువు భత్యం. మందులకి, కరెంటుకి పోగా ఆమె 6,100 తీసి ఇస్తుందా? ఇంకొకరితో గది పంచుకోమంటే, పంచుకునే ఆ తోడు కూడా ‘మోకాలు నొప్పి’ అనే ఇంట్లో ఆగిపోయింది.

రెండోది పిల్లల సభ. పద్నాలుగు మంది పిల్లలు పద్యాలు, పాటలు, చిన్న మాటలు నేర్చుకుని వచ్చినారు. హాలు 5 నుంచి 7. టీ, బజ్జీలు అయ్యేసరికి 5.40. పెద్దల ప్రసంగాలు (అందులో మా తప్పు కూడా ఉంది, మాలో ఒకరు ఇరవై నిమిషాలు మాట్లాడినారు) అయ్యేసరికి 6.30. సరిగ్గా 7కి ఏదో కంపెనీ పార్టీకి కుర్చీలు మోసుకొచ్చినారు. ఆరుగురు పిల్లలు చెప్పినారు, ఎనిమిది మంది చెప్పలేదు. వేమన పద్యాలు పది నేర్చుకుని వచ్చిన తొమ్మిదేళ్ళ పాప పట్టులంగాతో అట్లే నిలబడింది. తర్వాత ఐస్‌క్రీం పెట్టించినారు. అది ప్యాకేజీలో ఉంది.

ఆ పాప చదివేది ఇంగ్లీషు మీడియం, బడిలో ఇంకో భాష తమిళం. 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి. దాని మీద మాకు ఏ తగవూ లేదు, మాకు కూడు పెట్టిన భాష అది. కానీ తెలుగు అక్షరం ఆ బిడ్డకి బడిలో దొరకదు. మాకూ దొరకలేదు. పెళ్ళయి, ఉద్యోగంలో చేరినాక ఈ సంఘం మేడ మీద ఆదివారం తరగతిలో అ, ఆ దిద్దినవాళ్ళం మేము. నలుగురి ముందు నిలబడి తెలుగులో చెప్పి చప్పట్లు కొట్టించుకునే రోజు ఆ బిడ్డకి ఏడాదిలో ఒకటే. అది గంట లెక్కన అద్దెకి తీసుకున్నాము.

ఇప్పుడు మీరు అనబోయేది మాకు తెలుసు. ఇదంతా పార్కు బెంచీ మీద చెప్పినప్పుడు మాలో ఒకరి ఇంటి వదినగారు వచ్చి అడిగేసినారు: “అన్నయ్యా, మండపం రోజుల్లో తెల్లారి 4 గంటలకి కూరలు తరిగింది ఎవరు? మీరు పేక ముక్కలు పంచుకున్నారు. ముప్ఫై ఏళ్ళలో చేతికి గరిట తగలకుండా నేను తిన్నది ఆ రిసార్టులోనే.” మా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది నూటికి నూరు నిజం. మండపం రోజులు బంగారం అనే మగవాళ్ళు ఆ బంగారం ఎవరు మోసినారో చూడలేదు. మేమూ చూడలేదు.

కానీ దానికి మందు రిసార్టే కావాలా? వంటవాళ్ళని, వడ్డించేవాళ్ళని, గిన్నెలు తోమేవాళ్ళని కూలికి పెట్టుకుంటే సరిపోదా? పాత ఖాతా పుస్తకం తీసి చూసినాము. మండపం ఏడాది మనిషికి 850 అయింది, మన ఆడవాళ్ళ చాకిరీ ఉచితంగా. పనివాళ్ళందరినీ కలిపి, ధరలు పెరిగినది కూడా వేస్తే 1,300 దాటదు. పొద్దున 7కి బస్సు, మామల్లపురం గుళ్ళు చూసి (పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అక్కడ టికెట్టు లేదు), 11కి మండపం, పగలు ఆకు వేసి భోజనం, సాయంత్రం దాకా పిల్లల సభ, రాత్రికి ఇల్లు. రాత్రి ఉండాలనుకునే కుటుంబాలు ఆ రిసార్టులోనే ఉండండి. పర్యాటక శాఖ కార్పొరేషన్‌వారి విడిదీ ఆ ఊళ్ళోనే ఉంది. మేము కూడా మనవళ్ళని తీసుకుని ఒకసారి పోతాము, ఈతకొలను వాళ్ళకి నచ్చింది. మా డబ్బుతో, మా ఇష్టంతో. సంఘం పేరుతో, సంఘం అడ్వాన్సుతో మాత్రం వద్దు.

ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఇది తీర్మానంగా పెడతాము. పోయినేడు రాని ఆ 78 మందికి కమిటీ ఫోన్లు చేయాలి. కారణం అడగొద్దు, 1,300 అయితే వస్తారా అని మాత్రం అడగండి. కార్యదర్శిగారు, రసీదు అసలు ప్రతి వెంట తెండి. జిరాక్సు చూపిస్తే వాళ్ళు అడ్వాన్సు తిరిగి ఇవ్వరు, అది కూడా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది.