కొన్న స్టార్లు కొంప ముంచుతాయి

సంతలో మందులమ్మేవాడిని చూడని పల్లె ఉండదు. చెట్టు నీడన గుడ్డ పరచి, సీసాలు పేర్చి, మోకాళ్ళ నొప్పులకు నూనె అంటాడు. జనం గుమిగూడతారే గాని జేబులో చెయ్యి పెట్టేవాడు ఉండడు. అప్పుడు గుంపులో నుంచి ఒక ఆసామి ముందుకు వచ్చి, "పోయిన నెల ఇతని దగ్గరే కొన్నాను, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది" అంటాడు. దానితో పది సీసాలు అమ్ముడుపోతాయి. ఆ ఆసామి మందులవాడి మనిషేనన్న సంగతి, పై వారం పొరుగు సంతలో కూడా అతడే అదే మాట చెబుతూ కనబడినప్పుడు గాని బయటపడదు.

ఆ ఆసామి ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకి చేరాడు.

రావులపాలెం వద్ద జాతీయ రహదారి దిగి కోనసీమలోకి వచ్చే ప్రయాణికుడు ఒకప్పుడు కిళ్ళీ కొట్టు దగ్గర ఆగి, మంచి పూతరేకులు ఎవరి దగ్గర దొరుకుతాయని అడిగేవాడు. ఇప్పుడు కారు దిగకుండానే ఫోన్ తీస్తున్నాడు. ఏ దుకాణానికి ఎన్ని స్టార్లు ఉన్నాయి, తిన్నవారు ఏమని రాశారు అన్నది చూసుకుని బండి ఆపుతున్నాడు. దిండిలో గది కావలసిన వారిదీ, పెళ్ళికి హాలు వెతికేవారిదీ, పంటి డాక్టరు కోసం, ట్రాక్టరు మెకానిక్ కోసం చూసేవారిదీ అదే దారి. ఫోన్‌లో పదిమంది రాసిన మాటే, రివ్యూయే, నేటి చాటింపు.

చాటింపుకు విలువ పెరిగేసరికి దానిని అమ్మేవారు కూడా తయారయ్యారు. "యాభై రివ్యూలకు ఇంత, వందకు ఇంత, అన్నీ ఐదు స్టార్లే" అంటూ వ్యాపారుల ఫోన్లకు బేరాలు వస్తున్నాయి. కొత్తగా కొట్టు పెట్టినవాడికి ఇది ఆశ పుట్టించే మాటే. అయినా ఈ బేరానికి దిగినవాడు పెట్టిన డబ్బుతో బయటపడడు. కొట్టు పేరును, ఊరి పేరును కూడా పణంగా పెడుతున్నాడు.

లేని హోటల్‌కు మొదటి స్థానం

డబ్బిచ్చి రాయించిన మాటకు ఎంత బలం ఉందో 2017లో లండన్ నగరం చూసింది. ఊబా బట్లర్ అనే యువకుడు అంతకుముందు హోటళ్ళ యజమానుల వద్ద డబ్బు తీసుకుని దొంగ రివ్యూలు రాసినవాడే. అతడు తాను ఉంటున్న పెరట్లోని పాకను హోటల్ అని చెప్పి, ట్రిప్ ఎడ్వయిజర్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయించాడు. అక్కడ వంటా లేదు, వడ్డనా లేదు. గడ్డం గీసుకునే నురగతో, రంగులతో వంటకాల వంటివి చేసి ఫొటోలు తీశాడు. స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. కొద్ది నెలలలోనే ఆ పాక లండన్ హోటళ్ళన్నింటిలో మొదటి స్థానానికి ఎక్కింది. భోజనానికి చోటు కావాలంటూ ఫోన్లు మోగసాగాయి. చివరకు గుట్టు అతడే బయటపెట్టాడు.

అది లోకానికి బుద్ధి చెప్పడానికి చేసిన పని. ఇటలీలో జరిగినది అలాంటిది కాదు. ఆ దేశపు దక్షిణ భాగంలో లెచ్చే అనే పట్టణం ఉంది. ఊరు చూడవచ్చే యాత్రికులకు పేరుపడిన చోటు. అక్కడ హోటళ్ళకు దొంగ రివ్యూలు అమ్ముకుంటున్న ఒక వ్యాపారికి 2018లో కోర్టు 9 నెలల జైలు శిక్ష విధించింది. సుమారు 8 వేల యూరోలు చెల్లించమని కూడా ఆదేశించింది. నలుగురు మెచ్చుకున్నట్లు రాయడం తప్పా అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది.

చట్టం కళ్ళు మూసుకోలేదు

భారతదేశంలో దీనిని అడిగే చట్టం లేదనుకోవడం పొరపాటు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే వెలువడిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అంగళ్ళలో సరుకు పెట్టి అమ్మే వ్యాపారి తానే కొనుగోలుదారుడినన్నట్లు నటిస్తూ రివ్యూలు రాయకూడదు. కొనేవారిని తప్పుదారి పట్టించే ప్రకటన చేశాడని తేలితే, తయారీదారుకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. మళ్ళీ అదే తప్పు చేస్తే అది 50 లక్షల వరకు పోవచ్చు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ రివ్యూల కోసమే ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదని అందులో ఉంది. అయితే దానిని స్వచ్ఛందంగా పాటించే పద్ధతిగానే తెచ్చారు.

విదేశాలకు సరుకు పంపేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కోనసీమ పచ్చళ్ళు, పూతరేకులు అమెరికాలోని తెలుగువారి ఇళ్ళకు చేరుతున్న రోజులివి. దొంగ రివ్యూలు కొనడాన్ని, అమ్మడాన్ని నిషేధించే నిబంధన అక్కడ 2024 అక్టోబరు నుంచి అమలులో ఉంది. ఒక్కో ఉల్లంఘనకు 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడవచ్చు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఇది నేరుగా చట్టవిరుద్ధం.

ఈ నిబంధన రాకముందే, 2019లో, అమెరికా ప్రభుత్వం ఒక సంస్థను కోర్టుకీడ్చింది. బరువు తగ్గించే మాత్రలను అమెజాన్‌లో అమ్ముతూ, సగటు రేటింగు 4.3 స్టార్లకు తగ్గకుండా ఉండేందుకు రివ్యూలు కొన్నదని ఆ సంస్థపై అభియోగం. 1 కోటి 28 లక్షల డాలర్ల మేరకు తీర్పు పడింది. 50 వేల డాలర్లు కట్టి, షరతులకు లోబడితే మిగతా మొత్తం వసూలును నిలిపివేసేలా పరిష్కారం జరిగింది. ఆ పిమ్మట వ్యాపారం పేరు ఎలా మారుమోగి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

దొంగతనం దాగదు

కోర్టు దాకా పోకుండానే దొరికిపోయే మార్గాలు చాలా ఉన్నాయి. నెలకు రెండు మూడు రివ్యూలు వచ్చే కొట్టుకు ఒక్క రాత్రిలో నలభై వస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఆ రాసినవారు అంతకుముందు రోజు వేరే రాష్ట్రంలో చెప్పుల దుకాణాన్నీ, మరో ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్టునూ అవే మాటలతో మెచ్చుకుని ఉంటారు. సంతలో ఆసామి దొరికిపోయినట్లే వీరూ దొరుకుతారు. అటువంటి రివ్యూలను గూగుల్ తొలగిస్తున్నది. కొట్టుకు కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపుతున్నది. ఉన్న వాటిని కూడా కొన్నాళ్ళు కనబడకుండా చేయవచ్చు. దొంగ రివ్యూలు తీసివేశామన్న హెచ్చరికను కొట్టు పేరు దగ్గరే చూపించవచ్చు. అంటే కొన్న స్టార్లతో పాటు, నిజంగా తిని మెచ్చినవారి మాట కూడా మూగబోతుంది. అరువు సొమ్ములు బరువు చేటు, తీయబోతే తీపుల చేటు అని పెద్దలు ఊరికే అనలేదు.

మరొక ముప్పు కూడా ఉంది. రివ్యూలు అమ్మినవాడి చేతిలో కొన్నవాడి గుట్టు ఉంటుంది. వందమంది చేత ఐదు స్టార్లు వేయించగలిగినవాడు, అడిగిన సొమ్ము ఇవ్వనప్పుడు అదే వందమంది చేత ఒక్క స్టార్ వేయించలేడా? అప్పుడు పోలీసులకు చెప్పుకుందామన్నా మొదటి తప్పు తనదే కావడంతో వ్యాపారి నోరు మెదపలేడు. పాస్‌వర్డు, ఓటీపీ వంటివి వాడి చేతికిచ్చి ఉంటే కొట్టు తాళాలు అప్పగించినట్లే.

రాసేవారికీ గొయ్యే

ఈ దందాలో పల్లె యువకులు, గృహిణులు మరో విధంగా చిక్కుకుంటున్నారు. "ఇంట్లో కూర్చుని హోటళ్ళకు ఐదు స్టార్లు ఇవ్వండి, ఒక్కోదానికి ఇంత ఇస్తాం" అని వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో సందేశం వస్తుంది. తొలి రోజు చెప్పినట్లే కొద్ది రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక, ముందుగా కొంత డబ్బు కడితే పెద్ద పనులు ఇస్తామంటారు. కట్టినదానికి లాభం వచ్చినట్లు ఫోన్‌లో అంకెలు చూపిస్తారు. తీసుకోబోతే పన్ను కట్టాలి, మరొకటి కట్టాలి అంటారు. చేపకు ఎర వేసినట్లే. ఇటువంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల, పెట్టుబడుల మోసాలు నడుపుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో మూయించింది. అయినా ఎర ఆగలేదు. డబ్బు పోగొట్టుకున్నవారు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఊరి పేరు ఒక్కరిది కాదు

వ్యాపారుల వాదన కూడా వినదగినదే. "పక్క కొట్టువాడు కొన్నాడు, కొనకపోతే నా కొట్టు ఎవరికీ కనబడదు" అంటారు. పోటీదారు పనిగట్టుకుని ఒక్క స్టార్ వేయించాడని బాధపడేవారూ ఉన్నారు. ఈ బాధ నిజమే. అయితే పక్కవాడు కల్తీ నెయ్యి వాడుతున్నాడని తానూ వాడితే నిలిచే వ్యాపారం ఏదీ లేదు.

ఆత్రేయపురం సంగతే చూడండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండపై పరచి తీసే రేకు అది. కాగితం కంటే పలుచగా వచ్చే ఆ రేకు తీయడం ఆడవారికి ఏళ్ళ తరబడి చేస్తే గాని రాదు. వారి చేతుల చలవ వల్లనే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఒక్క దుకాణానిది కాదు, ఊరిది. ఒక కొట్టు రెండు వందల స్టార్లు కొని, నాసి నెయ్యితో చేసిన పూతరేకులు అంటగట్టిందనుకోండి. హైదరాబాదు నుంచి వచ్చినవాడు ఆ కొట్టు పేరు గుర్తుపెట్టుకోడు. "ఆత్రేయపురం పూతరేకులు ఇంతేనా" అంటాడు. ఏనాడూ ఒక్క స్టార్ కొనని ఇంటి ఇల్లాలు, తెల్లవారుజామునే కుండ ముందు కూర్చునే ఇల్లాలు, ఆ మాట మోయవలసి వస్తుంది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

చేయవలసినది

నిజమైన రివ్యూకు ఖర్చేమీ లేదు, ఓపిక కావాలి. వచ్చిన ప్రతి గిరాకీనీ, "తిని చూసి, బాగున్నా బాగోలేకపోయినా రాయండి బాబూ" అని అడగడంలో చిన్నతనం లేదు. అయితే రాస్తే రాయితీ ఇస్తామనకూడదు. అదీ గూగుల్ నియమాలకు విరుద్ధమే. పనివారిచేత, బావమరుదులచేత రాయించడమూ అంతే. ఎవరైనా తప్పు ఎత్తి చూపితే పోట్లాడకుండా మర్యాదగా జవాబివ్వాలి. ఒక్క మంచి జవాబు పది పొగడ్తలకంటే ఎక్కువ నమ్మకం తెస్తుంది. పోటీదారు రాయించిన దొంగ రివ్యూ అయితే దానిపై గూగుల్‌కే ఫిర్యాదు చేసే వీలుంది.

ఇది ఒక్కొక్కరితో అయ్యే పని కాదు. పూతరేకుల వ్యాపారులు, బస నడిపేవారు, స్వయం సహాయక సంఘాల మహిళలు ఊరూరా కూర్చుని, ఎవరూ రివ్యూలు కొనరాదని కట్టుబాటు చేసుకోవడం మంచిది.

కొనేవారికీ బాధ్యత ఉంది. బాగున్నప్పుడు ఊరుకుని, బాగోలేనప్పుడే రాయడం చాలామందికి అలవాటు. మంచి పూతరేకు తిన్నవారు నాలుగు నిజమైన మాటలు రాస్తే దొంగ మాటలకు విలువ తగ్గుతుంది. చదివేటప్పుడు కూడా ఐదు స్టార్లనే చూడకుండా, మూడు స్టార్లిచ్చినవారు ఏమన్నారో చూడాలి. అన్నీ ఒకే వారంలో, ఒకే మాటలతో ఉంటే నమ్మరాదు. మోసపోయినవారు వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.

మందులవాడు సంత ముగియగానే మూట కట్టుకుని ఊరు దాటతాడు. నూనె పని చేయకపోతే వాడిని అడిగేవాడు ఉండడు. కొట్టు పెట్టుకున్నవాడు మాత్రం మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఊళ్ళో, అదే తలుపు తీసి, అదే జనానికి ముఖం చూపించాలి.