వాళ్ళు అడిగారు, మనమో?

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతుకు కుండ దొరికింది. నిండా రోమను బంగారు నాణేలు! పాత బంగారం కింద చాలావరకు అమ్మేశాడు. అతన్ని తప్పు పట్టను. మా పొలంలో దొరికినా ముందు గుర్తొచ్చేది అప్పే. కానీ చదువుకున్న మన మాటేమిటి?

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గ్రీకుల పార్థెనాన్ శిల్పాలున్నాయి; మన అమరావతి శిల్పాలూ ఉన్నాయి. వాళ్ళవి 1816లో మ్యూజియం పాలయ్యాయి. మనవి 1859లో లండన్‌కు తరలాయి. 1982లో గ్రీసు మంత్రి, సినీనటి మెలీనా మెర్కూరీ యునెస్కో సభలో తమవి తమకిమ్మని నిలదీసింది. ఆ దేశం నేటికీ అడుగుతూనే ఉంది.

మిత్రులారా! మనలో ఎంతమందికి అమరావతి రాళ్ళ సంగతి తెలుసు? ఇస్తారా, ఇవ్వరా అన్నది తర్వాత. అడగాలంటే ముందు అవి మనవని తెలియాలి కదా!