కారు ఏసీలో గ్యాస్ 'అయిపోదు'.. లీకవుతుంది! ఏటా నింపించే ముందు ఇది తెలుసుకోండి

వేసవి మొదలవగానే కారు మెకానిక్ షాపుల్లో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "గ్యాస్ అయిపోయింది భాయ్, నింపాలి." కస్టమర్ సరే అంటాడు. అరగంటలో పని అయిపోతుంది, చల్లగాలి వస్తుంది, డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. మళ్లీ వేసవికి అదే షాపు, అదే మాట, అదే ఖర్చు.

పెట్రోల్ అయిపోతుంది కాబట్టి ఏసీ గ్యాస్ కూడా అలాగే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఏసీ గ్యాస్ ఇంధనం కాదు. అది మండదు, ఖర్చవదు. మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట నుంచి బయటికి పోతోందని అర్థం. ఆ చోటు వెతక్కుండా మళ్లీ గ్యాస్ నింపడమంటే చిల్లు పడిన కుండలో నీళ్లు పోయడమే. మన జేబుకు చిల్లు పెడుతున్న ఈ అలవాటు గురించి ఇప్పుడే మాట్లాడుకోవడానికి కారణాలున్నాయి.

ఇప్పుడే ఎందుకు?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు నిన్నమొన్నటి దాకా మత్స్యకారుల ఊరిగానే తెలుసు. ఆ ఊరి పేరుతో ఏళ్ల తరబడి చర్చల్లో ఉన్న పోర్టుకు 2023 ఏప్రిల్ 19న మూలపేటలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దాన్ని మూలపేట పోర్టు అంటున్నారు. పోర్టు వస్తే లారీలు వస్తాయి, కంటైనర్లు వస్తాయి, వాటిని బాగుచేసే షాపులూ వస్తాయి.

రెండో మార్పు లారీల్లోనే ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ ట్రక్కులకు, అంటే 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాలకు, డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. ఎండలో మాడిపోయే డ్రైవర్లకు ఇది మేలు చేసే నిర్ణయం. కార్ల సంగతి చూస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే ఏసీ సర్వీసింగ్ పని పెరుగుతుందే తప్ప తగ్గదు.

మూడోది అంతర్జాతీయ ఒప్పందం. దాని వల్ల ఇప్పుడు మన కార్లలో వాడుతున్న గ్యాస్ మీద 2028 నుంచి పరిమితి మొదలవుతుంది. దాని వివరాలు కాసేపట్లో చూద్దాం. ముందు అసలు ఏసీలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

గ్యాస్ ఎక్కడికి పోతుంది?

కారు ఏసీలో ప్రధానంగా నాలుగు భాగాలు. కంప్రెసర్ గ్యాస్‌ను ఒత్తి వేడెక్కిస్తుంది. బండి ముందు భాగంలో ఉండే కండెన్సర్ ఆ వేడిని బయటికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. డ్యాష్‌బోర్డు లోపలుండే ఎవాపరేటర్‌లో ఆ ద్రవం మళ్లీ గ్యాస్‌గా మారుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఇదే చక్రం.

ఇంట్లో ఫ్రిజ్‌కు పదేళ్లయినా గ్యాస్ నింపకపోవచ్చు. కారు సంగతి కాస్త వేరు. ఇంజన్ కదులుతుంది, బండి అదురుతుంది కాబట్టి కొన్నిచోట్ల రబ్బరు గొట్టాలు, రబ్బరు సీళ్లు వాడక తప్పదు. వాటి నుంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా గ్యాస్ తగ్గడం సహజమే. అందుకని చాలా ఏళ్లకోసారి నింపించాల్సి వస్తే అనుమానించనక్కర్లేదు. ఏటా నింపించాల్సి వస్తే మాత్రం అది లీకే.

భావనపాడు లాంటి తీరప్రాంతాల్లో ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. కండెన్సర్ చాలావరకు అల్యూమినియంతో చేస్తారు. ఉప్పు కలిసిన తేమ దాన్ని మెల్లగా తినేస్తుంది. పక్కనే నౌపడ ఉప్పు మడులు, ఎదురుగా సముద్రం. చేపల లోడుతో తిరిగే బండ్లకు ఉప్పునీటి తడి అదనం. అందుకే తీరంలో తిరిగే బండికి అప్పుడప్పుడు కండెన్సర్ మీద మంచినీళ్లు మెల్లగా పోసి కడగడం మంచిది. ప్రెషర్ వాషర్‌తో దగ్గర నుంచి కొడితే సన్నటి రెక్కలు వంగిపోయి గాలి ఆడదు.

ఇంకో మాట. చల్లదనం తగ్గినంత మాత్రాన గ్యాస్ తగ్గినట్టు కాదు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోయినా, కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోయినా, కంప్రెసర్ బెల్టు జారుతున్నా ఏసీ సరిగా పనిచేయదు. ఇవి చూడకుండా నేరుగా గ్యాస్ సిలిండర్ తగిలిస్తే రోగం చూడకుండా సూది వేసినట్టే.

తూకం లేని అమ్మకం

ఉప్పు కొన్నా, చేపలు కొన్నా తూకం చూస్తాం. ఏసీ గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీటర్ ముల్లు చూసి "సరిపోయింది" అంటే నమ్మేస్తాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ప్రతి కారుకూ ఎంత గ్యాస్ పట్టాలో కంపెనీ గ్రాముల్లో నిర్ణయిస్తుంది. ఆ అంకె సాధారణంగా బానెట్ కింద ఒక స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకు ఇది సుమారు 300 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది. వెనక కూడా ఏసీ ఉన్న పెద్ద బండ్లకు ఎక్కువ. మీటర్ చూపించేది ఒత్తిడిని, బరువును కాదు. బయట ఎండ మారితే ఆ ఒత్తిడి కూడా మారిపోతుంది. కాబట్టి ముల్లును బట్టి గ్రాములు చెప్పడం అంచనా మాత్రమే.

"కొంచెం ఎక్కువ వేయండి, బాగా చల్లబడుతుంది" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇది పొరపాటు. గ్యాస్ ఎక్కువైతే ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది, చల్లదనం పెరగకపోగా తగ్గుతుంది. 350 గ్రాములు పట్టే బండిలో 50 గ్రాములు అదనంగా వేస్తే అది ఏడో వంతు ఎక్కువ. కంప్రెసర్ పోతే అయ్యే ఖర్చు ముందు గ్యాస్ ఖర్చు చాలా చిన్నది.

సరైన పద్ధతి ఇదీ

మొదట బండిలో ఏ గ్యాస్ ఉందో చూడాలి. మన దగ్గర ఎక్కువ కార్లలో ఉండేది ఆర్-134ఏ. కొన్ని కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ ఉండొచ్చు. రెండింటి కనెక్షన్లు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి వేయకూడదు.

తర్వాత ఉన్న పాత గ్యాస్‌ను రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీసుకోవాలి. గాల్లోకి వదిలేయకూడదు. అప్పుడు పైపుల్లో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నురగతోనో లీక్ డిటెక్టర్‌తోనో లీకు వెతకాలి. టైర్లకు కొట్టే కంప్రెసర్ గాలి వాడకూడదు. దాంతో తేమ లోపలికి వెళ్తుంది. పైగా ఆర్-134ఏ ఎక్కువ ఒత్తిడిలో గాలితో కలిస్తే మండే ప్రమాదం ఉంది.

లీకు దొరికాక ఆ ఓ-రింగ్ గానీ, పైపు గానీ, కండెన్సర్ గానీ మార్చాలి. సిస్టమ్ చాలాకాలం తెరిచి ఉంటే తేమను పీల్చే డ్రయర్‌ను కూడా మార్చాలి.

ఆ తర్వాత వ్యాక్యూమ్. చాలా షాపుల్లో హడావుడిగా కానిచ్చేది ఈ మెట్టునే. వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. పైపుల్లో ఒత్తిడి బాగా తగ్గితే లోపలున్న తేమ మామూలు వేడికే ఆవిరై బయటికి వస్తుంది. తేమ మిగిలిపోతే అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి లోపలి భాగాలను తినేస్తుంది. పంపు ఆపాక పది, పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడాలి. వెనక్కి వస్తే లీకు ఇంకా ఉన్నట్టు, లేదా తేమ మిగిలినట్టు.

చివరగా పోయిన మేరకు సరైన ఆయిల్ వేసి, సిలిండర్‌ను కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన గ్యాస్ ఎక్కించాలి. ఎలక్ట్రిక్ కారైతే ఆయిల్ విషయంలో మరీ జాగ్రత్త. వాటి కంప్రెసర్ లోపలే హై వోల్టేజ్ మోటార్ ఉంటుంది. మామూలు కార్లలో వాడే ప్యాగ్ ఆయిల్ అందులోకి వెళ్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. అది శిక్షణ లేనివాళ్లు ముట్టుకోకూడని పని.

చౌక గ్యాస్‌తో ప్రాణాలకే ముప్పు

తక్కువ ధరకు దొరికే పేరూ ఊరూ లేని సిలిండర్లలో ఏముందో ఎవరికీ తెలియదు. కొందరు వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్‌లు కలుపుతారు. చల్లదనం బాగానే వస్తుంది. కానీ ఎవాపరేటర్ ఉండేది మనం, పిల్లలు కూర్చునే క్యాబిన్ పక్కనే. అక్కడ లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు.

2011లో జరిగింది పోర్టు పక్కన ఉండేవాళ్లంతా తెలుసుకోవాలి. చేపలు, రొయ్యలు తీసుకెళ్లే రీఫర్ కంటైనర్లు కొన్ని వియత్నాంలో సర్వీస్ అయ్యాయి. వాటిలో ఆర్-134ఏ పేరుతో నింపిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసింది. అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థంగా మారింది. కంటైనర్లు పేలి వియత్నాం, బ్రెజిల్‌లలో పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయింది మెకానిక్‌లే, సరుకు యజమానులు కాదు.

2028 తర్వాత ఏమవుతుంది?

వెనకటి కార్లలో ఆర్-12 వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలాక 1987 మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచం దాన్ని వదిలేసింది. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు బలమైనది. అరకిలో గ్యాస్ గాల్లోకి వదిలితే దాదాపు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సుమారు 300 లీటర్ల పెట్రోల్ కాల్చినంత పొగ!

అందుకే 2016లో కిగాలీ సవరణ వచ్చింది. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. 2024, 2025, 2026 సంవత్సరాల వాడకం ఆధారంగా లెక్క కట్టి, 2028లో ఈ రకం గ్యాస్‌ల మొత్తం వాడకాన్ని అక్కడే ఆపాలి. 2032లో 10 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. యూరప్‌లో ఇలాంటి కోతలు పెట్టినప్పుడు 2017, 2018లలో గ్యాస్ ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, దొంగ సరుకూ పెరిగింది. మన దగ్గర గడువులు నెమ్మదిగా ఉన్నాయి. అయినా దిశ మాత్రం అదే. గ్యాస్ ఖరీదైన రోజున లీకు ఉన్న బండి యజమానికి ఏటా దెబ్బ మీద దెబ్బ.

ఉస్తాద్‌లకు ఇది అవకాశం

తెలుగు పట్టణాల్లో మెకానిక్ పని చాలా ముస్లిం కుటుంబాలకు అన్నం పెడుతోంది. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, చూస్తూ నేర్చుకుని, సొంత షాపు పెట్టుకున్నవాళ్లు ఎందరో. గల్ఫ్‌లో ఏసీ పని చేసి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతిలో పని ఉంది, సర్టిఫికెట్ లేదు. మోసం చేయాలని కాదు, వ్యాక్యూమ్ పంపు, కాటా, రికవరీ మెషిన్ కొనే స్తోమత లేక కూడా పాత పద్ధతి సాగుతోంది. కస్టమర్ కూడా "త్వరగా, తక్కువలో" అనే అడుగుతాడు. తప్పు ఒక్కరి మీదే వేయలేం.

అమెరికాలో డబ్బు తీసుకుని కారు ఏసీ బాగుచేయాలంటే మెకానిక్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి. మన దేశంలో 2019 మార్చిలో వచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ ఉంది. పని వచ్చి కాగితం లేనివాళ్ల కోసం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. పోర్టు పనుల్లో స్థానికులకు ఉద్యోగాలు కావాలని అడిగేటప్పుడు, ఇలాంటి శిక్షణా కేంద్రం టెక్కలిలోనో పలాసలోనో కావాలని కూడా అడగాలి. లేకపోతే పోర్టుకు వచ్చే ట్రక్కులు, కంటైనర్ల పని బయటి నుంచి వచ్చే కంపెనీలకే పోతుంది.

షాపులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఈసారి ఏసీ చూపించడానికి వెళ్తే ఇవి అడగండి:

1. లీకు ఎక్కడుందో చూశారా?
2. వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? పంపు ఆపాక ముల్లు నిలిచిందా?
3. స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు ఉంది? మీరు ఎన్ని గ్రాములు వేశారు?
4. సిలిండర్ మీద కంపెనీ పేరు, గ్యాస్ పేరు ఉన్నాయా?

గ్రాముల అంకె బిల్లు మీద రాయించుకోండి. వచ్చే ఏడాది మళ్లీ తగ్గితే ఎంత పోయిందో లెక్క దొరుకుతుంది. ఈ పద్ధతిలో పని చేసే ఉస్తాద్ కాస్త ఎక్కువ సమయం, కాస్త ఎక్కువ డబ్బు అడుగుతాడు. ఇవ్వండి. ఒక్కోసారి రెండు వేలు అనుకున్నా, మూడు వేసవులకు ఆరు వేలు గాల్లో కలిసిపోతాయి. అదే డబ్బుతో లీకు బాగుచేయించుకుంటే బండి బాగుంటుంది, నిజాయితీగా పనిచేసే మెకానిక్ షాపూ నిలబడుతుంది.