డిప్లొమా తర్వాత పాడుకునే చోటేది?

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు,



సంగీత పాఠశాలల్లో చేరబోయే పిల్లల కోసం మీకు విజ్ఞప్తులు వస్తూనే ఉంటాయి. నేను రాస్తున్నది చదువు ముగించి బయటికొచ్చిన వాళ్ల గురించి. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చేసి, ఊరికి తిరిగొచ్చాక శ్రుతిపెట్టెను సజ్జ మీద పెట్టేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మళ్లీ పాడుతున్నాను. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం.

మా గురువులు శ్రద్ధగా చెప్పారు. సరళీవరసలు, జంటవరసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అన్నీ వరుసగా నేర్పారు. అయితే ఒక కృతి వచ్చిందనిపించగానే ఇంకోటి ఎత్తుకోవాల్సిందే. నచ్చినదాన్ని నాలుగు రోజులు నోట్లో నానబెట్టుకునే తీరిక సిలబస్‌లో లేదు. పరీక్షలు దగ్గరపడితే రాగలక్షణాలు బట్టీ పట్టేవాళ్లం. నాదనామక్రియ పదిహేనో మేళకర్త మాయామాళవగౌళకు జన్యమనీ, నిషాదంతో ముగిసే రాగమనీ రాస్తే మార్కులు పడేవి. డిప్లొమా చేతికొచ్చేనాటికి పాట మీద నా మనసు విరిగిపోయింది.

తిరిగి ఆ ఇష్టం పుట్టింది మా ఊరి శనివారం భజనలో. అమ్మకు తోడుగా వెళ్లేదాన్ని. అక్కడ హార్మోనియం ముందు కూర్చునేది సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. స్వరస్థానాల పేర్లు ఆయనకు తెలియవు. ఒకరోజు నాదనామక్రియలో రామదాసు కీర్తన ఎత్తుకున్నాడు. ఆ రాగంలో గొంతు పై షడ్జాన్ని తాకదు. నిషాదం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. దిగేటప్పుడు షడ్జాన్ని కూడా దాటి కింది నిషాదం మీద నిలుస్తుంది. ఆయన అక్కడ నిలిచిన తీరు వింటే, రాముణ్ని నిలదీసి అడిగి అడిగి అలసిన మనిషి కనిపించాడు. నేను రాసి మార్కులు తెచ్చుకున్న లక్షణానికి అర్థం నాకు అప్పుడు తెలిసింది. పల్లవి ఒక్కసారి అని చరణంలోకి పోబోతే, "బిడ్డా, ఇంకోసారి అను. తొందరేమున్నది?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో సరళీవరసలు మొదలుపెట్టాను. మాయామాళవగౌళలో రిషభం షడ్జాన్ని ఎంతగా ఆనుకుని ఉంటుందో, అక్కడి నుంచి గాంధారానికి ఎంత పెద్ద అంగ వేయాలో నా గొంతుకు ఇప్పుడు తెలుస్తోంది. పరీక్ష లేదు, వైవా లేదు. ఒక్కో పూట ఒక్క వరసతోనే గడిచిపోతుంది.

మాది సంగీతం తెలియని ప్రాంతమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గోదావరి ఉత్తరవాహినిగా పారే చెన్నూరు మాది. అగస్త్యేశ్వరాలయం ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల చిరుతల రామాయణం ఆడిన చేతులు తాళం తప్పవు. ఒగ్గు కథలూ యక్షగానాలూ తెల్లవార్లూ విన్న చెవులివి. శాస్త్రీయ సంగీతమంటే తంజావూరుదో కోస్తా జిల్లాలదో అనుకునేవాళ్లు నేలకొండపల్లిని తలుచుకోవాలి. 17వ శతాబ్దంలో అక్కడ పుట్టిన కంచెర్ల గోపన్నే రామదాసు. ఆయనను త్యాగరాజు తన పాటల్లో భక్తితో స్మరించాడు. ఆ రామదాసు కీర్తనలు బడి మెట్లెక్కని వాళ్ల నోటి మీదుగానే మా దాకా వచ్చాయి.

లేనిదల్లా చదువుకున్న సంగీతాన్ని నలుగురిలో పాడుకునే చోటు. రవీంద్రభారతి మాకు 250 కిలోమీటర్ల పైమాటే. చెన్నూరుకు రైలు లేదు. బస్సులో మంచిర్యాల చేరి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. సాయంత్రం కచేరీ వినాలంటే రాత్రికి హైదరాబాద్‌లో ఎవరింట్లోనో ఉండాల్సిందే. ఫోన్లో కచేరీలన్నీ దొరుకుతాయి, తంబురా కూడా మోగుతుంది. కానీ నా శ్రుతి జారితే ఫోను చెప్పదు. పక్కన మృదంగం లేకుండా నా కాలప్రమాణం నిలుస్తోందో పరుగెడుతోందో నాకెలా తెలుస్తుంది?

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. కాలికి గజ్జె కట్టి జనం మధ్య హరికథ చెప్పే మనిషి చేతిలో కళాశాల పెట్టారంటే, తరగతి గదికీ ఊరికీ మధ్య గోడ ఉండకూడదన్న ఎరుక అప్పటివాళ్లకు ఉన్నట్టే. ఆ ఎరుక మన పాఠశాలలకు ఇప్పుడు కావాలి. పట్టా ఇచ్చి పంపించడంతో శాఖ పని అయిపోయిందనుకోవడం, ఆరేళ్లు పెట్టిన ఖర్చునూ శ్రమనూ గోదాట్లో పోయడమే.

నేను కొత్త భవనం అడగడం లేదు. చెన్నూరు, మంచిర్యాల, ధర్మపురి, మంథని లాంటి ఊళ్లలో నెలకో ఆదివారం సాయంత్రం ఒక సంగీత సభ జరిపించండి. గ్రంథాలయమో బడి హాలో చాలు. మొదటి గంట చదువు ముగించినవాళ్లు పాడాలి. వయసు అడగొద్దు, పోటీ పెట్టొద్దు, మార్కులు వేయొద్దు. తర్వాత హైదరాబాద్ నుంచో వరంగల్ నుంచో ఒక విద్వాంసుడు వచ్చి పాడాలి, మా పాటలో తప్పొప్పులు చెప్పాలి. భజన మండళ్ల పెద్దలను వెనక వరుసలో శ్రోతలుగా కూర్చోబెట్టకుండా, పాడమని ముందుకు పిలవాలి. వాళ్ల దగ్గరున్న కీర్తనల వరసలను రికార్డు చేయించాలి. ఈ పని తొందరగా జరగాలి, ఆ గొంతులన్నీ పెద్ద వయసువి.

మొదటి సభను రాబోయే పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజ ఆరాధన రోజున, చెన్నూరులోనే పెట్టండి. చాపలూ మైకూ మేం చూసుకుంటాం. మృదంగం వాయించేవారిని మాత్రం మీరు పంపాలి.

ఇట్లు,
చెన్నూరు నుంచి ఒక సంగీత విద్యార్థిని